టికెట్టు వెనక రాసిన నంబరు

పాసయ్యాను! బీకాం పాసయ్యాను. ఇంగ్లీషుతో సహా పాసయ్యాను.

మా అమ్మ వైపు చూసినా, మా నాన్న వైపు చూసినా డిగ్రీ అన్న మాట మా ఇళ్ళల్లోకి రావడం ఇదే మొదలు. మా నాన్నకి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. మా అమ్మ ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటుంది గానీ పాటలన్నీ ఆవిడకి నోటికి వచ్చినవే. పుస్తకం ఒక్కోసారి తలకిందులుగా కూడా ఉంటుంది. అలాంటి ఇంట్లో ఈ రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఒక గ్రాడ్యుయేట్ తేలింది.

నిజానికి పొద్దున పేపరు వచ్చిన దగ్గర్నుంచే నేను పాసైనదాన్ని. ఆ సంగతి తెలియక ఎనిమిదింటి నుంచి ఒంటిగంటన్నర దాకా ఫెయిలైనదానిలా బతికాను. అందరికీ ఫోన్లు చేసి చెప్పేద్దామంటే మా ఊళ్ళో ఉన్న ఒక్క ఎస్టీడీ బూత్ ఆయన భోజనానికి వెళ్ళి షట్టర్ దించేశాడు. నాలుగింటికి గానీ తియ్యడు. ఊరికే కూర్చుంటే ఎవరో వచ్చి "పొరపాటు పడ్డామండి" అని ఈ సంతోషాన్ని వెనక్కి పట్టుకెళ్ళిపోతారేమోనని భయంగా ఉంది. అందుకని రాస్తున్నాను.

ఇదంతా ఒక ఫుట్‌బాల్ టికెట్టు ముక్క చేసిన పని.

మా నాన్న మా ఊరి మిషన్ హైస్కూల్లో వాచ్‌మన్. పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే రోడ్డు మీద, కాలవ పక్కన ఉంటుంది స్కూలు. నా చిన్నప్పుడు ఏటా ఫిబ్రవరిలో వారం రోజులు ఆ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ టోర్నమెంటు జరిగేది. మా చుట్టుపక్కల ఎవరిని కదిపినా కబడ్డీ అంటారు, వాలీబాల్ అంటారు. ఫుట్‌బాల్ మాత్రం మా గ్రౌండ్‌కే. ఎప్పుడో మిషన్ దొరలు మొదలెట్టిన ఆటట. కలకత్తా నుంచీ, కేరళ నుంచీ, గోవా నుంచీ జట్లు వచ్చేవి. వాళ్ళంతా ఆటే ఉద్యోగంగా ఉన్నవాళ్ళు. ఆ మాట మా నాన్న నమ్మలేదు.

"బంతి తన్నినందుకు జీతవాండి?" అని మా డ్రిల్లు మాస్టారిని అడిగాడు.

"ఆయ్, జీతమే. గోల్ కొడితే ప్రమోషన్ కూడానంట," అన్నారు మాస్టారు.

"మరి గేటు కాసినోడికేం లేదాండి?"

"నువ్వూ ఒక గోల్ కొట్టు, చూద్దాం."

గ్రౌండ్ చుట్టూ తాటాకు దడి కట్టేవారు. లోపల సరుగుడు కర్రల గ్యాలరీ. గ్యాలరీ గేటు మా నాన్నది. టికెట్టు పొడుగ్గా ఉండేది, ఒక్కో రోజుకి ఒక్కో రంగు. మధ్యలో సన్నటి చిల్లుల గీత, ఆ గీతకి అటొకటీ ఇటొకటీ ఒకే నంబరు ఎర్ర సిరాతో. నాన్న దాన్ని ఎడంచేతి బొటనవేలి గోరుతో చించేవాడు. ఆ వారం కోసం ఆ గోరుని నెల ముందు నుంచీ పెంచేవాడు. ఒక ముక్క గేటు దగ్గర డబ్బాలో, రెండో ముక్క మనిషి చేతిలో. మధ్యలో బయటికి వెళ్ళొచ్చిన వాళ్ళ దగ్గర ముక్క అడిగి, చివరి మూడంకెలు పైకి చదివి, అప్పుడు లోపలికి పంపేవాడు. "ముక్క మీద నంబరుంటేనే మనిషి లోపలున్నట్టండీ," అనేవాడు. సర్పంచి గారికి చెప్పినా, సోడాలమ్మే అతనికి చెప్పినా అదే గొంతు.

వాచ్‌మన్ కూతురికి టికెట్టెందుకు? నాన్న చెయ్యి కింద నుంచి దూరిపోయేదాన్ని. లోపలున్న అంతమందిలో నంబరు లేనిదాన్ని నేనొక్కదాన్నే. నాన్న లెక్క ప్రకారం నేను అసలు లోపల లేనట్టే. ఆ బెంగతోనే అనుకుంటాను, ఆట అయ్యాక గ్యాలరీ కింద జనం పారేసిన ముక్కలు ఏరడం మొదలెట్టాను. కనపడినవన్నీ ఏరేదాన్ని కాదు. ఆట మొదటి నుంచి చివరిదాకా చూసుండాలి, అది గుర్తుండిపోయే ఆటై ఉండాలి, ఒక ఆటకి ఒక్క ముక్కే. వెనకవైపు ఖాళీగా ఉండేది కాబట్టి అక్కడ ఆ రోజు సంగతి ఒక మాట రాసుకునేదాన్ని. నలిగినవాటిని అమ్మ పాటల పుస్తకంలో పెట్టి చదును చేసేదాన్ని. ఒక ఆదివారం అందరూ నిలబడి పాడుతుంటే పుస్తకంలోంచి ఒక ముక్క జారి పాదిరి గారి భార్య కాళ్ళ దగ్గర పడింది.

"పాటల పుస్తకంలో కేరళావోళ్ళేంటే!" అని అమ్మ పాట ఆపకుండానే నా తొడ మీద గిల్లింది. ఇంటికెళ్ళాక ఒక ఖాళీ బిస్కెట్ల డబ్బా నా మొహాన పడేసింది. అప్పటి నుంచీ ముక్కలు అందులోనే.

ఆకుపచ్చ ముక్క నేను ఆరో తరగతిలో ఉన్నప్పటిది. కలకత్తా జట్టు కొట్టిన బంతి దడి దాటి కాలవలో పడి, నీటి వాలుకి లాకుల వైపు వెళ్ళిపోయింది. ఉన్న రెండో బంతిలో గాలి లేదు. ఆట ఆగిపోయింది. కేరళ గోల్‌కీపర్ గోల్ కర్రకి ఆనుకుని కూర్చుంటే మా ఊరి వాళ్ళు వేయించిన వేరుశనక్కాయలు పొట్లం కట్టి ఇచ్చారు. తడి బంతి తిరిగొచ్చేసరికి ఆయన వేళ్ళకి నూనె, ఉప్పు. మొదటి బంతే చేతుల్లోంచి జారి లోపలికి పోయింది. "మన శనక్కాయలు తినే ఓడిపోయాడు పాపం," అని మా ఊరంతా వారం రోజులు బాధపడింది. ఆ ముక్క వెనక "శనక్కాయలు" అని ఒక్క మాటే ఉంది.

పసుపు ముక్క తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అప్పుడు ఎనిమిదో తరగతి. గోవా జట్టులో పొట్టి ఆటగాడు ఒకాయన ఆఖరి నిమిషంలో పెనాల్టీ బయటికి కొట్టేశాడు. జనం వెళ్ళిపోయాక ఆయన మా నాన్న గేటు పక్కన బూట్లు విప్పుకుని నేల మీద కూర్చున్నాడు. నాన్న కుండలోంచి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు.

"తాగండి. పోయింది బంతే కదండీ, కాలు కాదు కదా," అన్నాడు.

ఆయన నా వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. నాన్న ఏమంటున్నాడో చెప్పమని అడిగాడని నాకు అర్థమైంది. ఇంగ్లీషులో నాకు క్లాసు ఫస్ట్. నాన్న గర్వంగా, "చెప్పమ్మా, చెప్పు," అన్నాడు. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. నీళ్ళని ఏమంటారో కూడా గుర్తు రాలేదు. ఆయన చెంబు ఖాళీ చేసి, నాన్న చెయ్యి పట్టుకుని ఊపి, వెళ్ళిపోయాడు. నాన్న నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది. ఆ రోజు నుంచి ఇంగ్లీషు పరీక్ష అంటే నాకు అదే చెంబు, అదే గేటు. ప్రశ్నపత్రం ఎదురుగా కూర్చుని "చెప్పమ్మా, చెప్పు" అంటున్నట్టుంటుంది.

గులాబీ రంగు ముక్క ఒక్కటే అచ్చంగా నాది. ఇంటర్ పాసై బీకాంలో చేరిన ఏడాది, ఫైనల్ రోజు, అలవాటు కొద్దీ నాన్న చెయ్యి కింద నుంచి దూరబోతే ఆపేశాడు.

"కాలేజీ వోళ్ళకి ఫ్రీ లేదండి. టికెట్టేదీ?"

"నాన్నా, ఏంటిది! జనం చూస్తున్నారు."

"సూడనీ." జేబులోంచి టికెట్టు తీసి నా చేతిలో పెట్టి, మళ్ళీ నా చేతిలోంచే తీసుకుని, గోరుతో గీత మీద సరిగ్గా చించాడు. "ఆరొందల పదిహేడు. ఇది నీ నంబరు. ఇంక నువ్వు లోపలున్నట్టు."

ఆ ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్ళింది. నేను ఒక్కటీ చూడలేదు. తల వంచుకుని చేతిలో ఉన్న ఎర్ర అంకెలే చూస్తూ కూర్చున్నాను. అరుపుల్ని బట్టి లోపలికి వెళ్ళిందో బయటికి పోయిందో తెలిసేది. ఎవరు గెలిచారో పక్కావిడని అడిగి తెలుసుకున్నాను. మా ఊళ్ళో అదే ఆఖరి టోర్నమెంటు. దాన్ని నడిపించింది రొయ్యల చెరువుల వాళ్ళు. చెరువులకి రోగం తగిలి రొయ్యలు చచ్చిపోయాక టోర్నమెంటు ఊసెత్తినవాళ్ళు లేరు. తర్వాత చెరువులు కోలుకున్నాయి, ఆట కోలుకోలేదు. ఆ ముక్క వెనక నేనేమీ రాయలేదు. ఖాళీగా ఉండిపోయింది.

బీకాం మూడేళ్ళూ అయ్యాయి. అన్నీ గట్టెక్కి ఇంగ్లీషు ఒక్కటి మిగిలింది. అది రెండుసార్లు తప్పాను. మా పిన్ని రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి వెళ్తుంది. రెండోసారి తప్పినప్పుడు నేనే అందరి ముందూ మాటిచ్చాను, ఈసారి కూడా పోతే చదువు కట్టిపెట్టి పిన్నితో షెడ్డుకి వెళ్తానని. ఆ పని తప్పని కాదు. పిన్ని వేళ్ళు చూశాను. ఐసు నీళ్ళల్లో నాని గోళ్ళ చుట్టూ చర్మం ఎప్పుడూ తెల్లగా పొట్టు లేస్తుంటుంది. ఇంకోవైపు మా మిషన్ స్కూల్ పెద్ద టీచరు గారు నన్ను పిలిచి చెప్పారు.

"ఆఫీసులో గుమాస్తా పోస్టు ఖాళీ అవుతోందమ్మా. డిగ్రీ ఉండాలి. ఇంకో అబ్బాయి కూడా అడుగుతున్నాడు. రిజల్టు రాగానే చెప్పు. సోమవారం దాటితే నేను ఆపలేను."

మూడోసారి పరీక్ష రాసిన రోజు మా కాలేజీ గుమాస్తా అందరి దగ్గరా హాల్ టికెట్లు తీసేసుకున్నాడు, మార్కుల లిస్టుతో కలిపి ఇస్తానని. నంబరు మర్చిపోతానేమోనని కంగారు. పర్సులో చూస్తే కాగితం ఏదీ లేదు, గులాబీ ముక్క ఉంది. పెనాల్టీల రోజు తల వంచుకుని దాన్ని చూస్తూ గండం గట్టెక్కినట్టనిపించి, పరీక్షలకి దాన్నే పట్టుకెళ్ళేదాన్ని. వెనక ఖాళీ ఉంది కదా. బాల్‌పెన్నుతో హాల్ టికెట్టు నంబరు మొత్తం ఆరంకెలూ రాసుకున్నాను. చివరి మూడూ 386. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

నిన్న సాయంత్రం తెలిసింది, పొద్దున పేపర్లో నంబర్లు వేస్తారని. మా ఊరికి పేపరు రావడానికి మధ్యాహ్నమవుతుంది. పాలకొల్లు బస్టాండుకి మాత్రం తెల్లారేసరికి వస్తుంది. తెల్లారాక చెప్పులేసుకున్నాను, గుమ్మం దాకా వెళ్ళాను, మళ్ళీ విప్పేశాను.

"నా వల్ల కాదు నాన్నా."

"నేనెల్తాలే. నంబరే కదా? అంకెలు నాకు రావేంటి?"

"డబ్బాలో పైనే ఉంది నాన్నా, గులాబీ టికెట్టు. దాని మీదుంది నంబరు."

దాని మీద అన్నాను. దాని వెనక అనలేదు.

ఎనిమిదింటికి నాన్న తిరిగొచ్చాడు. సైకిలు గోడకి ఆనించి, చేతులు కడుక్కుని, మొహం కడుక్కుని, మళ్ళీ చేతులు కడుక్కున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచింది.

"ఏంటి? చెప్పవేంటి?"

"లేదే," అన్నాడు నాన్న. నా వైపు చూడలేదు. "రెండు మూడు గుంపులున్నాయి. అన్నీ సూశాను. పేపరాయన కసురుకున్నా వదల్లేదు. పదిహేనుంది, పద్దెనిమిదుంది. మజ్జలో మనది లేదు."

పదిహేను, పద్దెనిమిది అంటే ఏమిటని అడగాలని నాకు తట్టలేదు. లేదు అన్న మాట తర్వాత చెవులు పనిచెయ్యలేదు. లోపలికెళ్ళి చాప మీద కూర్చున్నాను. అమ్మ గిన్నెలన్నీ ఒకసారి తోమినవే మళ్ళీ తోమింది. కాసేపటికి పిన్ని వచ్చింది. ఈ రోజు ఆవిడకి పనికి సెలవు.

"ఏడవకే. షెడ్డులో ఇంగ్లీషు అడగరు. రొయ్యకి తలకాయెటో తోకెటో తెలిస్తే చాలు," అంది.

"నువ్వూరుకోవే," అంది అమ్మ.

"నేనేమన్నానే అక్కా? దానికి తోడుగా ఉంటాననేగా. రబ్బరు తొడుగులు నావి పాత జతొకటుంది, ఇచ్చేస్తాను. వేళ్ళ దగ్గర కొంచెం చిరిగింది గానీ..."

నేను ఆ తొడుగుల్లో నా వేళ్ళు ఊహించుకుంటూ కూర్చున్నాను. పెద్ద టీచరు గారికి ఏమని చెప్పాలి? చెప్పకుండా ఉంటేనో? సోమవారం దాటితే ఆవిడకే తెలుస్తుంది కదా. ఆ అబ్బాయి వచ్చి కుర్చీలో కూర్చుంటాడు, నాన్న రోజూ ఆ గదికి తాళం తీస్తాడు. ఎటు ఆలోచించినా నాన్న చేతిలో తాళం గుత్తే కనపడేది.

పదకొండున్నర అయ్యుంటుంది. పరీక్షలో నా వెనక బల్ల మీద కూర్చున్న అమ్మాయి గుర్తొచ్చింది. ఆ అమ్మాయిది కూడా మూడోసారే. పోతే ఇద్దరం పోయాం, అదొక్కటైనా తెలుసుకుందామనిపించింది. నాన్న గుమ్మంలో కూర్చుని తాడు పేనుతున్నాడు.

"నాన్నా, మూడొందల ఎనభై ఏడు ఉందా?"

"మూడొందలవి నేనెందుకు సూస్తానమ్మా?"

"నా పక్కదే కదా నాన్నా."

"నీ పక్కదేంటి? నీది ఆరొందల పదిహేడు కదా!"

నేను లేచి నిలబడ్డాను. నాన్న కూడా లేచాడు, ఎందుకో తెలియకుండానే. చొక్కా జేబులోంచి గులాబీ ముక్క తీసి ఎర్ర అంకెలు నాకు చూపించాడు. "ఇదే కదా. నేనే కదా చింపిచ్చాను."

దాన్ని ఆయన చేతిలోనే వెనక్కి తిప్పాను. నీలం సిరా అంకెల్ని నాన్న బొటనవేలి గోరుతో గీకి చూశాడు. అన్నేళ్ళు గేటులో నిలబడ్డ మనిషి ఒక్క టికెట్టు కూడా వెనక్కి తిప్పి చూసుండడు. తిప్పాల్సిన పనేముంది?

"వెనకాలా?" అన్నాడు. "వెనకాల ఎవరైనా నంబరేస్తారేంటమ్మా!"

పన్నెండు గంటల బస్సులో నిలబడే పాలకొల్లు వెళ్ళాం. బస్టాండులో పేపర్లన్నీ అయిపోయాయి. పేపరాయన నాన్నని చూడగానే, "మళ్ళీ వచ్చారాండి బాబూ!" అని తల పట్టుకున్నాడు. సంగతి విన్నాక మాత్రం లేచి నిలబడి చెయ్యి చాపాడు. "ఆ సందులో సెలూనుంది చూడండి, రోజూ ఒకటేస్తాను. పరిగెట్టండి."

సెలూన్లోకి ఆడపిల్ల వెళ్ళకూడదని ఎవరూ చెప్పలేదు గానీ నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నాన్న ఒక్కడే లోపలికి వెళ్ళాడు. కుర్చీలో ఒక పెద్దాయన మొహం నిండా నురగతో వాలి ఉన్నాడు.

"రండి బాబాయ్, గెడ్డవా? కటింగా?" అన్నాడు మంగలి.

"పేపరు."

"పేపరేంటండి?"

"పొద్దుటి పేపరు. నంబర్ల పేజీ. మా అమ్మాయిది మూడొందల ఎనభై ఆరు."

"అయ్యయ్యో, అది ముక్కలు కోసేశానండి, కత్తి తుడవడానికి. సగం వాడేశాను కూడా." అతను అద్దం కింద బల్ల మీంచి జానెడేసి కాగితాలు తీశాడు. కొన్ని పొడిగా ఉన్నాయి, కొన్ని నురగతో ముద్దయ్యాయి.

"ఒరేయ్, నా మొహం ఆరిపోతోందిరా," అన్నాడు కుర్చీలో పెద్దాయన.

"ఉండండి మావయ్య గారూ, ఆ పిల్ల గుమ్మంలో ఎలా నిలబడిపోయిందో చూడండి."

నాన్న ముక్కలన్నీ నేల మీద పరిచి, గొంతుక్కూర్చుని, గేటు దగ్గర చదివే గొంతుతో మొదలెట్టాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. గులాబీ ముక్క వెనక రాసుకున్నది కంఠతా వచ్చినా మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. ఒక ముక్కలో లేదు. రెండో ముక్క అసలు నంబర్లదే కాదు, సిమెంటు ప్రకటన. మూడోది తడిసినది. నాన్న దాన్ని పంచెకి అద్ది పట్టుకున్నాడు.

"మూడొందల డెబ్బై తొమ్మిది. ఎనభై రెండు. ఎనభై ఆరు. ఎనభై తొమ్మిది. తొంభై..."

"ఆగండాగండి!" అని కేకేశాడు మంగలి. "ఎనభై ఆరేనా మీది? దాటెళ్ళిపోతున్నారేంటండీ!"

నాన్న ఆగి, వేలు వెనక్కి జరిపి, మళ్ళీ చదివాడు. మళ్ళీ ఇంకోసారి చదివాడు. తర్వాత ఆ ముక్కని రెండు చేతుల్లో పెట్టుకుని గుమ్మం దగ్గరికి తెచ్చాడు. ఉంది. 386. సబ్బు వాసన వేస్తూ ఉంది.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఎందుకంటే పేపర్లో పూర్తి నంబరు గుంపు మొదట్లో ఒక్కసారే వేస్తారు, తర్వాతవన్నీ చివరి మూడంకెలే. ఆ గుంపు మొదలు దగ్గర నురగ. తుడిస్తే సిరా కూడా వచ్చేసింది. ఇది మా కాలేజీ గుంపో, ఇంకో కాలేజీలో ఇంకో 386దో ఎలా తెలుస్తుంది? ఆ మాట అంటే నాన్న మొహం మళ్ళీ పొద్దుటిలా అయిపోయింది. ఆ ముక్క ఇవ్వమని నాన్న అడిగితే మంగలి ఇవ్వలేదు. "ఇంకెవరైనా మీలాగే వస్తారేమోనండి," అన్నాడు. నిజమే కదా.

మా కాలేజీ అక్కడికి గంట ప్రయాణం. పక్కనే ఎస్టీడీ బూత్ ఉంటే అందులో దూరాం. మూడుసార్లు ఎంగేజ్. నాలుగోసారి ఎవరో ఎత్తి "శనివారమమ్మా, రెండింటికి మూసేస్తాం" అని పెట్టేశారు. గోడ గడియారంలో ఒకటీ ఇరవై. ఐదోసారి గుమాస్తానే దొరికాడు.

"నంబరు చెప్పమ్మా."

ఆరంకెలూ ఒక్కొక్కటే చెప్పాను. కాగితాలు తిప్పుతున్న చప్పుడు. ఎవరితోనో టీ సంగతి మాట్లాడాడు. మళ్ళీ కాగితాలు. బూత్ అద్దానికి అవతల నాన్న రెండు అరచేతులూ ఆనించి నన్నే చూస్తున్నాడు.

"ఆఁ, పాసే."

"ఇంగ్లీషండీ?"

"అదొక్కటే కదమ్మా నువ్వు రాసింది! పాసంటే పాసే."

నేను అద్దంలోంచి నాన్నకి తల ఊపాను. ఆయనకి అర్థం కాలేదు. తలుపు తెరిచి చెప్పాను. నాన్న పక్కకి తిరిగి, బూత్ ఆయనతో, "మా అమ్మాయండి. డిగ్రీ అండి," అన్నాడు. ఆయన, "శుభం, బిల్లు," అన్నాడు.

తిరుగు బస్సులో సీటు దొరికింది. అక్కడి నుంచి పోట్లాటే.

"మీద అన్నావు. వెనకాల అన్లేదు."

"హాల్ టికెట్టు నంబరంటే ఆరంకెలుంటాయి కదా నాన్నా. మూడంకెలే అని ఎలా అనుకున్నావు?"

"పేపర్లో మూడే ఉన్నాయి కదా! గేటులోనూ మూడే సదువుతాం. అయినా అది నీ నంబరని నేనే కదా ఇచ్చాను. ఇంకో నంబరుందని నాకేం తెలుసు?"

ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి, "ఏంటండీ, పిల్లని తిడుతున్నారు?" అంది. "పాసయ్యిందండి," అన్నాడు నాన్న, అదే కోపంతో.

ఊరు దగ్గర పడుతుంటే గొంతు తగ్గించాడు.

"ఇంకో సంగతుంది తల్లీ. పొద్దున వస్తా వస్తా షెడ్డు దగ్గర ఆగాను. సూపర్‌వైజర్ గారికి చెప్పేశాను, సోమవారం నుంచి వస్తావని. పేరు రాసేసుకున్నారు. ఒకరిని తీసేసి మరీ నిన్ను పెట్టారంట."

"నాన్నా!"

"నువ్వు మాటిచ్చావు కదా అని. ఆలస్యమైతే అదీ పోద్దేమోనని."

అదీ జరిగింది. ఇంటికొచ్చాక అమ్మకి చెబితే, ఆవిడ కాసేపు నన్ను తడిమి చూసి, "పొద్దుట లేదన్నారు, ఇప్పుడుందన్నారు, సాయంత్రం ఏవంటారో," అని వెళ్ళి పొయ్యి మీద చారు చూసుకుంది. నాకూ లోపల అదే మాట తిరుగుతోంది. పిన్ని మాత్రం "నా తొడుగులు మిగిలాయి" అని నవ్వి, నవ్వుతూ నవ్వుతూ చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

బూత్ షట్టర్ చప్పుడైంది. ఇంకా ఫోన్ చెయ్యాల్సిన వాళ్ళు:

పెద్ద టీచరు గారు. రాజమండ్రిలో వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళారట, నంబరు స్కూలు ప్యూన్ దగ్గర తీసుకోవాలి. సోమవారం దాటకూడదు.

మొగల్తూరులో ట్యూషన్ మాస్టారు. ఎదురింటి వాళ్ళ ఫోను. పిలుస్తామని పెట్టేస్తారు, పది నిమిషాలాగి మళ్ళీ చెయ్యాలి. ఆయనకి ఇంగ్లీషులోనే చెప్పాలి.

కొవ్వూరులో మావయ్య. సాయంత్రం ఆరు దాటాక.

మూడొందల ఎనభై ఏడు అమ్మాయి. ఎనభై ఆరు తర్వాత ఎనభై తొమ్మిదే చదివాడు నాన్న. తనకి ఇప్పటికే తెలుసో లేదో. నేను చేస్తే బాగుంటుందో, చెయ్యకపోతే బాగుంటుందో.

కాలేజీ ఆఫీసు. సోమవారం తియ్యగానే ఇంకొక్కసారి.

రొయ్యల షెడ్డు సూపర్‌వైజర్ గారు. చివర రాశాను గానీ ముందు చెయ్యాల్సింది ఈయనకే. పనివాళ్ళని ఎక్కించుకునే షెడ్డు వ్యాను సోమవారం తెల్లవారుజామున వస్తుంది, ఆదివారం ఆయన ఫోనెత్తరట. తీసేసిన ఆవిడని మళ్ళీ పెట్టుకోమని కూడా చెప్పాలి.